మొదటి అర నిమిషం

ప్రార్థన చేసి లేచిన ప్రతిసారీ ఆయన్ని ఒక సందేహం పీడించేది. నిన్నా మొన్నా పుట్టింది కాదు, ఏళ్ళ నాటిది. దేవుడు అసలు జవాబే చెప్పడా, లేక ఆయన చెప్పేది మనిషి చెవికి అందనంత సన్నగా ఉంటుందా? ఎవరినైనా అడిగితే నవ్వుతారని అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా జనం చెవులు పరీక్షించి బతుకుతున్నవాడికి ఇంకెలాంటి అనుమానం వస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

వీధిలో అందరికీ ఆయన ‘చెవుల డాక్టరు’. నిజానికి డాక్టరు కాదు. ఆసుపత్రి రెండో అంతస్తులో మెత్తటి గోడల చిన్న గది ఒకటుంది. దానికి ముందువైపు గాజు కిటికీ. మనిషిని లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, బయటి యంత్రంలోంచి ఒక్కొక్క శబ్దం వదలడం, వినిపించినప్పుడు బటన్ నొక్కమనడం, నొక్కినదాన్నిబట్టి కాగితం మీద గీత గీయడం ఆయన పని.

ఆ ఆదివారం పొద్దున్న దండం పెట్టుకుని వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పబోతే భార్య గభాల్న చెయ్యి పట్టుకుంది.

“గుడ్డ కట్టుంది, చూళ్ళేదా?”

కూతురి గది తలుపు గడియకు ఎర్రగుడ్డ వేలాడుతోంది. అంటే లోపల రికార్డింగ్ జరుగుతోందన్నమాట. కుళాయి తిప్పకూడదు, ఫ్యాను వేయకూడదు, కుర్చీ జరపకూడదు.

“ఇంకా ఎన్నాళ్ళే ఈ మౌనవ్రతం?” అన్నాడు గుసగుసగా.

“రేపు పాటలన్నీ పంపించేస్తుందట. దానికీ విముక్తి, మనకీ విముక్తి. నిన్న తుమ్మొస్తే వీధి చివరిదాకా పరుగెత్తి తుమ్మొచ్చాను. నా ఇంట్లో నేను తుమ్మడానికి కూడా అర్జీ పెట్టుకోవాల్సొస్తోంది!”

ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు పెదాలు దాటలేదు.

కూతురు మొదట్లో నలుగురు కలిసిన రాక్ బ్యాండులో పాడేది. ఒకడు ఉద్యోగంలో చేరాడు, ఒకడు పెళ్ళి చేసుకున్నాడు, మిగిలిన అమ్మాయితో మాటలు పోయాయి. “ఎవరూ అక్కర్లేదు, నేనొక్కదాన్నే ఆల్బమ్ చేస్తా” అని మూడేళ్ళ కిందట గదిలో దూరింది. గోడలకు పరుపులు ఆనించింది, కిటికీకి దుప్పట్లు వేలాడదీసింది. గిటారు తనే, డ్రమ్స్ తనే, పాట తనే. సాయంత్రాలు పిల్లలకు గిటారు నేర్పి వచ్చిందంతా మైకులకూ వైర్లకూ పోసింది. పేరున్న కంపెనీ ఏదీ వెనకాల లేదు. తొమ్మిది పాటలు తయారయ్యాయి.

“నాన్నా, ఒక్క పాట విను” అని అది అడిగినప్పుడల్లా ఆయన “అన్నీ అయ్యాక ఒకేసారి వింటాలే” అనేవాడు. ఆయనకు తన పాటలంటే గిట్టదని దాని నమ్మకం. అసలు సంగతి వేరు.

ఆసుపత్రిలో ఒక నియమం ఉంది. రోజూ మొదటి రోగి రాకముందు పరీక్ష చేసే మనిషి తానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బొంగురు శబ్దం నుంచి సన్నటి శబ్దం దాకా అన్నీ విని, సరిగ్గా ఉన్నాయని పుస్తకంలో సంతకం చేయాలి. రెండేళ్ళ కిందట ఒక పొద్దున్న అన్నిటికన్నా సన్నటి శబ్దం రాలేదు. వైరు వదులైందనుకున్నాడు. వైరు మార్చినా రాలేదు. శబ్దం వెళ్తోందని చెప్పే దీపం మాత్రం యంత్రం మీద వెలుగుతూనే ఉంది. దీపం వెలిగింది కదా అని సంతకం పెట్టాడు. కొన్ని నెలలకు దాని ముందు శబ్దం కూడా పోయింది. దానికీ సంతకం పెట్టాడు. ఇక ప్రతి పొద్దున్నా అంతే. దేవుడి ముందు కూర్చుంటే తల ఎత్తాలనిపించేది కాదు. ఇక కూతురి పాట వింటే దొరికిపోతానేమోనని భయం. చెవులు పోతున్న చెవుల డాక్టరు! జనం నవ్వరూ?

గుడ్డ ఊడింది, తలుపు తెరుచుకుంది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, మూడు రోజుల నాటి చొక్కాతో, చేతుల్లో ల్యాప్‌టాప్ పసిపిల్లలా ఎత్తుకుని కూతురు బయటికొచ్చింది.

“నాన్నా, ఇవాళ నువ్వు తప్పించుకోలేవు.”

“కూరగాయలు తేవాలమ్మా...”

“అమ్మ తెచ్చేసింది.”

“మరి ఆ కరెంటు...”

“కూర్చోండి!” భార్య కుర్చీ లాగింది. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు మూడేళ్ళుగా అడుగుతోంది పిల్ల!”

మామూలుగా అనే మాటే. అయినా ఆయనకు ఎక్కడో చురుక్కుమంది. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

కూతురు హెడ్‌ఫోన్స్ తగిలించి, తెర తనవైపు తిప్పుకుని, ఒక మీట నొక్కి, గోళ్ళు కొరుక్కుంటూ ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఏమీ రాలేదు. ఇంకా మొదలవలేదేమో అనుకున్నాడు. టేబుల్ కింద కాలు ఊపుతూ ఉన్నాడు. అప్పుడు ఉన్నట్టుండి గిటారు విరుచుకుపడింది. దాని వెనక కూతురి గొంతు. తీయటి గొంతు కాదు, కొత్త బట్ట బర్రున చింపినట్టుంది. అందరూ మునివేళ్ళ మీద నడిచే ఒక ఇంటి గురించి పాడుతోంది. ఆ ఇల్లు ఏదో ఆయనకు వెంటనే తెలిసింది. కాలు ఊపడం ఆగిపోయింది.

పాట అయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు. “బాగుంది, పిచ్చికా” అన్నాడు. ఆ మాట నిజం. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ పిల్లలకు ఒక సలహా పడేయకపోతే పెద్దరికానికి తోచదు కదా.

“ఒక్కటే లోటు. మొదట్లో అర నిమిషం ఖాళీగా వదిలేశావు. వినేవాళ్ళు పాడైపోయిందనుకుంటారు. అది కత్తిరించెయ్.”

కూతురి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

“ఖాళీ ఏంటండీ?” కత్తిపీట దగ్గర్నుంచి తల ఎత్తింది భార్య. “ఇంత దూరంలో ఉన్న నాకే ఆ హెడ్‌ఫోన్స్‌లోంచి కీచు కీచుమని సూదులు గుచ్చినట్టు వినపడుతుంటేనూ!”

అది ఏ శబ్దమో ఆయనకు ఆ క్షణంలోనే అర్థమైంది.

“నువ్వు వినలేదు” అంది కూతురు మెల్లగా.

ఒప్పేసుకోవచ్చు. కానీ పట్టించుకోని తండ్రి అనిపించుకోవడం, చెవిటి తండ్రి అనిపించుకోవడం కన్నా తేలికనిపించింది.

“ధ్యాస ఎటో పోయిందమ్మా...”

“మూడేళ్ళ పని నాన్నా! మూడు నిమిషాలు నీ ధ్యాస ఇవ్వలేకపోయావా?” ల్యాప్‌టాప్ టపీమని మూసింది. “అది మీ ఆసుపత్రి యంత్రం శబ్దం. పోయిన నెల నీకు అన్నం డబ్బా తెచ్చినప్పుడు దొంగతనంగా ఆ హెడ్‌ఫోన్స్‌కు ఫోను ఆనించి రికార్డు చేసుకున్నాను. ఆల్బమ్ మొత్తం దాంతోనే మొదలవుతుంది. ఆల్బమ్ పేరేంటో తెలుసా? ‘వినిపిస్తే నొక్కు’. రోజుకు వందసార్లు నువ్వనే మాట. ఊళ్ళోవాళ్ళందరి చెవులూ చూస్తావు, ఇంట్లో మాత్రం అన్నీ పెడచెవిన పెడతావు!”

“పిచ్చికా...”

“తీసేస్తాను. పేరూ తీసేస్తాను, ఆ అర నిమిషమూ తీసేస్తాను. కొత్తగా ఏదో ఒకటి వాయిస్తే ఇవాళ్టికి అయిపోతుంది.”

తలుపు దభాల్న పడింది. గడియకు మళ్ళీ ఎర్రగుడ్డ వేలాడింది.

ఆయన కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి హాల్లోకి తిరిగాడు. పేపరు తీశాడు, పెట్టేశాడు. చెప్పులు వేసుకున్నాడు, విడిచాడు.

“మీకు వినపడలేదు కదూ?” అంది భార్య.

ఆయన నిలబడిపోయాడు.

“ఏడాదిగా చూస్తున్నాను. అలారం చెవి పక్కనే మోగుతున్నా కదలరు, నేనే లేపుతున్నాను. మగవాళ్ళకు పరువు ముక్కు మీదుంటుందని ఊరుకున్నా. దాన్ని మాత్రం ఇలా ఏడిపించకండి. తండ్రికి చెవులు తగ్గితే పిల్ల తట్టుకుంటుంది. తండ్రికి తానంటే పట్టదనుకుంటే తట్టుకోదు.”

ఎర్రగుడ్డ కట్టి ఉండగా ఆ తలుపు ఎవరూ తట్టలేదు మూడేళ్ళలో. ఆయన తట్టాడు. రెండోసారి ఇంకా గట్టిగా.

“రికార్డవుతోంది ఇక్కడ!” అంటూ తలుపు తీసింది కూతురు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అవనీ. నేను విన్నాను తల్లీ. మనసుపెట్టే విన్నాను. ఆ అర నిమిషం మాత్రం... నాకు రాలేదు. ఆ శబ్దం నా చెవికి అందక రెండేళ్ళయింది.”

కూతురు వెనక్కి చెయ్యి చాపి రికార్డింగ్ ఆపేసింది. వైర్ల మధ్య నేల మీద కూలబడింది. ఆయన కూడా మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా పక్కన కూర్చున్నాడు.

“అమ్మకు తెలుసా?”

“దానికి తెలియనిదేముంది? తెలియదనుకున్నది నేనే.”

“మరి పొద్దున్నే నువ్వే విని సంతకం పెట్టాలి కదా అక్కడ?”

“పెడుతున్నాను.”

“వినకుండానా?”

“దీపం చూసి.”

ఓదారుస్తుందనుకున్నాడు. అది ఓదార్చలేదు. వైరు వేలికి చుట్టుకుంటూ, “తప్పు నాన్నా అది” అంది.

“తెలుసు. రేపు పెద్ద డాక్టరమ్మకు చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ.” దాని వేలికున్న వైరు విప్పాడు. “నువ్వు మాత్రం దాన్ని తీసేయకు. నాకు వినపడకపోయినా అది అక్కడ ఉందని ఇప్పుడు తెలుసు కదా.”

కూతురు ఆయన భుజానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. “నేను నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను...”

“అన్నీ వినపడ్డాయిలే. నువ్వు అరిస్తే వినపడకపోవడమేంటి?”

ఏడుపులోనే దానికి నవ్వొచ్చింది.

సోమవారం తండ్రీకూతుళ్ళిద్దరూ పెందలాడే ఆసుపత్రికి వెళ్ళారు. పెద్ద డాక్టరమ్మ కాఫీ కప్పు కింద పెట్టి అంతా విన్నది.

“రెండేళ్ళా?”

“అవునమ్మా.”

“యంత్రాన్ని ఆర్నెల్లకోసారి కంపెనీవాళ్ళొచ్చి చూసి, బాగుందని రాసిచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎంతమంది లెక్కలు తప్పేవి? మీరే చెప్పండి.”

ఆయన సంతకాల పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు.

“జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాసి సంతకం చేయండి. ఇకనుంచి పొద్దున్న వినేది నర్సు. రోగుల పని మీరే చూడండి, అది మీకన్నా బాగా ఎవరూ చేయరు. పదకొండింటికి నేనే మీ చెవులు పరీక్ష చేస్తాను.” లేచి వెళ్ళబోతూ ఆగింది. “ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళకూ ‘ఇందులో సిగ్గేముంది’ అని చెబుతుంటారు. ఆ మాట మీకు మీరు చెప్పుకోలేదేం?”

పుస్తకంలో నిజం రాసేసరికి చొక్కా తడిసిపోయింది. గాజు గది ఖాళీగా ఉంది. మొదటి రోగి రావడానికి ఇంకా అరగంట టైముంది. ఆయన గది వంకా, యంత్రం పక్కన నిలబడ్డ కూతురి వంకా చూశాడు. దానికి ఆరేళ్ళప్పుడు ఆసుపత్రికి ఈ రకం యంత్రం కొత్తగా వచ్చింది. చెయ్యి అలవాటు కావడానికి సెలవు రోజుల్లో దాన్నే తెచ్చి లోపల కూర్చోబెట్టేవాడు. ప్రతిసారీ బయటికొచ్చి, మునివేళ్ళ మీద లేచి మీటలు అందుకోబోతూ, “ఇప్పుడు నా వంతు” అనేది. “రేపు” అనేవాడు. కొన్నాళ్ళకు అది అడగడం మానేసింది.

“పిచ్చికా, నీకు ఒక వంతు బాకీ ఉన్నాను.”

అది ఒక్క క్షణం అయోమయంగా చూసి, అర్థమై నోరు తెరిచింది. “నీకు గుర్తుందా? ‘రేపు, రేపు’ అని ఇరవై ఏళ్ళు తిప్పావు!”

“ఇవాళే ఆ రేపు. కానివ్వు, రోగులొచ్చేస్తారు.”

ఆయన లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. కూతురు హెడ్‌ఫోన్స్ సరిచేసి, బటన్ చేతిలో పెట్టింది. “కళ్ళు మూసుకో. నా చెయ్యి చూసి నొక్కావో, మళ్ళీ మొదట్నుంచి!”

తలుపు మూసుకుంది. బొంగురు శబ్దం వచ్చింది, నొక్కాడు. ఇంకొకటి, నొక్కాడు. ఒక్కొక్కటీ సన్నబడుతూ దూరమైంది. తర్వాత ఏమీ రాలేదు. అలవాటుపడ్డ బొటనవేలు నొక్కేయడానికి తహతహలాడింది. ఆయన దాన్ని బిగపట్టి కూర్చున్నాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నా కదలలేదు.

కూతురు తలుపు తెరిచి కాగితం చూపించింది. గీత తిన్నగా వచ్చి చివర్లో జారుడుబల్లలా కిందికి పోయింది. దాని కింద ‘పరీక్ష చేసినవారు’ అన్నచోట, ఆరేళ్ళ పిల్ల రాసినంత పెద్ద అక్షరాలతో ‘కూతురు’ అని రాసి ఉంది.