నిప్పు ఆరని గడ్డి అంగీ

పిల్లలూ, ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో తప్పు రాజుగారిదే. ఎవరైనా వచ్చి కాదంటే నమ్మకండి.

మేఘగిరి రాజ్యంలో మూడేళ్లుగా వాన ఆగలేదు. కొండ శిఖరం మీద జలజిహ్వుడనే రాక్షసుడు కూర్చుని, నాలుక చాపి మబ్బుల్ని లాగి, రాజ్యం మీద పిండుతున్నాడు. వడ్లు కంకుల మీదే మొలకెత్తాయి. పసిపిల్లల గుడ్డలు ఆరక తల్లులు వాటిని పొయ్యి దగ్గర పట్టుకుని కూర్చునేవారు. దీనికి విరుగుడు ఒక్కటే. శిఖరం మీద చల్లారిన పొయ్యి ఒకటుంది. ఊళ్లో పొయ్యిలోంచి తీసిన నిప్పుకణికతో దాన్ని వెలిగించాలి. కణిక బతికేది ఒక్క పూట, దారి రెండు ఆమడలు. నడిస్తే కుదరదు, పరుగెత్తాలి. ఆరిన కణికతో శిఖరం చేరినవాళ్లు అక్కడే రాళ్లైపోతారు.

రాజు విచిత్రసేనుడు తన లేఖలు మోసే అంచెవాళ్లను ఒకరి తరువాత ఒకరిని పంపాడు. పదకొండు మంది రాళ్లయ్యారు. పన్నెండో మనిషి నరసి. ఆమె చెల్లెలే మన ఓబులి. పదహారేళ్ల పిల్ల, పరుగులో అక్కకు సరిజోడు, నోట్లో మాట ఆగదు.

నరసి బయలుదేరిన రోజు ఓబులి పొలిమేర దాకా పక్కనే పరుగెత్తింది. నరసి ఒంటి మీద కోటవాళ్లిచ్చిన మైనపు అంగీ, దాని కింద నిప్పుకణిక పెట్టిన మట్టిపిడత ఉన్నాయి. అంగీని పట్టుగుడ్డకు ఏడు పూతలు మైనం పట్టించి కుట్టారు. జోరువాన దాని మీద నుంచి జారిపోతోంది. కాని చేతుల అంచుల్లోంచి నీళ్లు ధార కడుతున్నాయి.

"అక్కా, వాన లోపలికొస్తోందా?"

"వాన కాదే, నా చెమట" అంది నరసి రొప్పుతూ. "ఆవిరి బయటికి పోవడం లేదు. ఉడికిపోతున్నాను. పిడతలో నిప్పు కూడా మసకబారుతోంది."

"విప్పి పారెయ్ మరి!"

"విప్పితే వానకు ఆరుతుంది. నువ్వు వెనక్కి పో, ఓబులీ."

నరసి తిరిగి రాలేదు.

మర్నాడు ఓబులి తిన్నగా రాజసభలోకి వెళ్లింది. అక్కడ వస్త్రాధికారి కనకాంగుడు కొత్త మైనపు అంగీని పరీక్షిస్తున్నాడు. దాన్ని ఒక కొయ్యబొమ్మకు తొడిగి నూరు బిందెల నీళ్లు కుమ్మరించారు. బొమ్మ గుండెకు కట్టిన తెల్లబట్ట పొడిగానే ఉంది. సభంతా చప్పట్లు.

"బొమ్మకు చెమట పడుతుందా?" అని అరిచింది ఓబులి.

చప్పట్లు ఆగిపోయాయి. "ఎవరే నువ్వు?" అన్నాడు రాజు.

"మీ అంగీలో రాయైపోయిన నరసి చెల్లెల్ని. మా అక్క వానకు ఓడిపోలేదు, ఊపిరాడక ఓడిపోయింది. పరుగెత్తే ఒంటికి వేడి పుడుతుంది, ఆ ఆవిరి బయటికి పోవాలి. పిడతలో నిప్పుకూ గాలి కావాలి. ఇది అంగీ కాదు, మూత బిగించిన కుండ!"

"రాళ్లయినవాళ్లు బలహీనులు మహారాజా, అంగీలో లోపం లేదు" అన్నాడు కనకాంగుడు.

"పన్నెండు మందీ బలహీనులేనా? అయితే మీరు తొడుక్కుని కోట చుట్టూ ఒక్క చుట్టు తిరిగి రండి, చూద్దాం!"

రాజు కళ్లెర్రజేశాడు. "అంత తెలిసినదానివైతే నీ అంగీ నువ్వే వెతుక్కో. పదమూడో మనిషివి నువ్వే."

"వెళ్తాను. మీరు చెప్పారని కాదు. అక్కడ రాయై నిలబడింది మా అక్క కనక."

ఓబులి అడవి దారి పట్టింది. గుహలో ధుని ముందు కూర్చున్న ముని ఒకడు ఆమె కథ విని తన నారబట్ట తీసి ఇచ్చాడు. "మంత్రించిన బట్ట తల్లీ. తీసుకుపో."

"పరుగెత్తి చూడనిదే తీసుకోను తాతా" అంది ఓబులి. ధునిలోంచి ఒక కణిక తీసి, వెంట తెచ్చుకున్న పిడతలో ఊక మీద పెట్టుకుంది. నారబట్ట కప్పుకుని వానలో గుట్ట చుట్టూ పరుగెత్తింది. ఊపిరి హాయిగా ఆడింది. కాని పదో చుట్టుకు బట్ట తడిసి ముద్దైంది, కణిక చుయ్యిమని ఆరింది.

"నలభై ఏళ్లుగా కట్టుకుంటున్నాను, ఎన్నడూ తడవలేదే!" అన్నాడు ముని.

"నలభై ఏళ్లుగా మీరు గుహలో కూర్చునే ఉన్నారు కదా!"

ముని ముందు గుడ్లురిమాడు, ఆ పైన పకపకా నవ్వాడు. "నిజమేనే! సరే, ఇంకో కణిక తీసుకో. ఈ పక్క తుమ్మల అడవిలో మనిషంత గిజిగాడున్నాడు. వాడి గూట్లో మూడేళ్లుగా చుక్క పడలేదు. కాని జాగ్రత్త, తన అల్లికను తప్పన్నవాళ్ల కళ్లు పొడుస్తాడు."

పసుపుపచ్చ తలతో తుమ్మకొమ్మ మీద కూర్చున్న ఆ గిజిగాడు ఓబులిని చూసి ముక్కు ఎగరేశాడు. ఆమె వానకు తడవని అంగీ కావాలంటే, గడియలో బోదగడ్డితో బిగువుగా ఒకటి అల్లి పడేశాడు. ఓబులి అది తొడుక్కుని పరుగెత్తింది. చుక్క పడలేదు. కాని ఒళ్లు ఉడికింది, నిప్పు మసకబారింది.

"ఇది తప్పు, మామా."

గిజిగాడి ముక్కు ఆమె కంటికి వెంట్రుకవాసిలో వచ్చి ఆగింది. "ఏమన్నావ్?"

"పొడిస్తే పొడుచుకో. గుడ్డిదాన్నయినా ఇదే మాటంటాను."

"నా పిల్లలు ఇలాంటి గూట్లోనే చల్లగా ఉన్నారు!"

"నీ పిల్లలు గూట్లో పరుగెత్తరు కదా, మామా!"

గిజిగాడు తల పక్కకు వాల్చి అంగీని ఎగాదిగా చూశాడు. అంతా విప్పి వదులుగా అల్లాడు. ఈసారి గాలి ఆడింది, చినుకులూ లోపలికొచ్చాయి. ఓబులి తల విదిలించింది.

"మా గుడిసె కప్పు ఎప్పుడైనా చూశావా? గడ్డి కొనలు కిందికి పెట్టి, ఒక వరస మీద ఇంకో వరస వేస్తాం. వాన కొనల మీదుగా జారిపోతుంది, పొయ్యిలో పొగ వరసల సందుల్లోంచి పైకి పోతుంది. అలా చెయ్యి. చంకల కింద అల్లకు, చెయ్యి ఊపినప్పుడల్లా గాలి ఆడాలి. తల మీద చూరులా ముందుకు రానీ, లేకపోతే నీళ్లు కళ్లలో పడతాయి. కింద మోకాళ్లకు అడ్డం రాకూడదు."

మూడో అంగీ తొడుక్కుని ఆమె చాలాసేపు పరుగెత్తింది. భుజాలు కాస్త చెమ్మగిల్లాయి. ఒళ్లు మాత్రం వెచ్చగా ఉంది, నిప్పు ఎర్రగా ఉంది.

"భుజాల దగ్గర ఇంకా బిగించనా?" అన్నాడు గిజిగాడు ఆత్రంగా.

"వద్దు. చుక్క పడకుండా ఊపిరంతా ఆడే అంగీ ఎక్కడా లేదు. కొంచెం తడిస్తే చావను. ఊపిరాడకపోతే చస్తాను."

మర్నాడు తెల్లవారగానే ఓబులి తన ఇంటి పొయ్యిలోంచి కణిక తీసుకుని పరుగు మొదలుపెట్టింది. రాక్షసుడు చూశాడు. వానను రెట్టింపు చేశాడు, ఆ పైన నాలుగు రెట్లు చేశాడు. కొండవాగులు తొడల దాకా వచ్చాయి. ఓబులి ఆగలేదు. ఎక్కుడు దారిలో ఆమె ఒంటి ఆవిరి గడ్డి వరసల్లోంచి పొగలా లేచింది.

శిఖరం మీద పన్నెండు రాళ్లు కనిపించాయి. జలజిహ్వుడు నాలుక మీద ధగధగలాడే అంగీ ఒకటి చాపాడు. "పాపం, భుజాలు తడిశాయి. ఇది తొడుక్కో పిల్లా, ఒక్క చుక్క పడదు."

"ముందు నువ్వు తొడుక్కుని పరుగెత్తి చూపించు!"

రాక్షసుడు లేవబోయాడు. మూడేళ్లుగా కూర్చున్న కాళ్లు లేవలేదు. ఆ సందులో ఓబులి పొయ్యి దగ్గరికి చేరి, అంగీ కింద పిడత దాచుకుని కణిక మీది బూడిద ఊదింది. ఎర్రటి కణిక! దాన్ని పొయ్యిలో వేసింది. పొయ్యి భగ్గుమంది. వాడి నాలుక ఎండుటాకులా ముడుచుకుపోయింది, వాడు బీటలు వారి మట్టై రాలిపోయాడు. మబ్బు చీలి ఎండ పడింది.

రాళ్లు ఒక్కొక్కటిగా మళ్లీ మనుషులయ్యాయి. చివరికి పన్నెండో రాయి కదిలింది. ఓబులి "అక్కా!" అని మీద పడబోతే నరసి చెయ్యి అడ్డం పెట్టింది. మైనపు అంగీ పీక దగ్గర నుంచి కింది దాకా పర్రున చింపేసింది.

"ఆగవే, ముందు ఊపిరి పీల్చుకోనీ" అంది. ఆ తరువాత చెల్లెల్ని కావలించుకుంది.

పదముగ్గురూ దిగివచ్చేసరికి కోట ముందు మేళతాళాలు సిద్ధంగా ఉన్నాయి. రాజు ఓబులిని కోడలిగా చేసుకుంటానన్నాడు.

"నాకు రాజకుమారుడు వద్దు. అంచెవాళ్ల అంగీలు అంచెవాళ్లే ఎంచుకోవాలి. పరుగెత్తి చూశాకే తీసుకుంటాం. ఆ అధికారం మాకివ్వండి."

"అది కొలువు పని, మీది కాదు" అన్నాడు రాజు.

"అయితే మీ లేఖలు మీరే మోసుకోండి" అంది నరసి. పన్నెండు మందీ కోట గుమ్మంలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఓబులి వాళ్ల ముందు కూర్చుంది. మూడో రోజుకి రాజు దిగివచ్చాడు. కనకాంగుడి అధికార ముద్రికను ఓబులి చేతిలో పెట్టాడు.

ఆ రోజే రాజుగారికి అత్యవసరంగా ఒక లేఖ పంపాల్సి వచ్చింది. అంచెవాళ్లు మాత్రం ఒక్కో అంగీ తొడుక్కుని కోట చుట్టూ పరుగెత్తి చూసుకుంటున్నారు. రాజు మేడ మీద నిలబడి ఎదురుచూశాడు. లేఖ సాయంత్రానికి గాని బయలుదేరలేదు. ఆలస్యానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.