వేడెక్కని నీళ్లు

బోధన్‌లో ఉమారాణి గారింటికి నేను వెళ్లింది పోయిన చలికాలం, సాయంత్రం నాలుగింటికి. నిజామాబాద్‌లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగు చేయడం నా పని. బోళ్లు తోమే మెషిన్లు బాగు చేసే వాళ్లు ఈ వైపు తక్కువ కాబట్టి బోధన్ దాకా నన్నే పిలుస్తారు.

ఆమె భర్త ఎరువుల దుకాణానికి పోయాడు. ఇంట్లో ఆమె ఒక్కతే. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి. బయట ఇంకా ఎండ ఉంది. వంటింట్లో మాత్రం నేల మీద కాలు పెడితే జివ్వుమంది.

"ఎండకాలంల కొన్నం తమ్మీ. మంచిగనే నడిచింది. చలి పడ్డకాన్నుంచి నీళ్లు వేడైతలేవు. జిడ్డు జిడ్డులెక్కనే ఉంటున్నది."

"హీటర్ పోయి ఉంటదక్కా. గంట పని," అన్నాను.

హీటర్‌కు మీటర్ పెట్టి చూశాను. పోలేదు. వేడి కనిపెట్టే సెన్సర్ కూడా బాగానే ఉంది. అయినా అనుమానం తీరక కొత్తది వేశాను. మెషిన్ నడిపించి, హీటర్ వైరు ఎంత కరెంటు లాగుతోందో చూశాను. ఎనిమిది ఆంపియర్లు. అంటే హీటర్ పూర్తిగా పనిచేస్తోంది.

పది నిమిషాలాగి తలుపు తెరిచాను. ఆవిరి రాలేదు. నల్లా నీళ్లు ఇరవై రెండు డిగ్రీలున్నాయి. లోపలివి పదిహేడు.

మళ్లీ నడిపించాను. మళ్లీ తెరిచాను. పదకొండు.

హీటర్ కాలుతున్న కొద్దీ నీళ్లు చల్లబడుతున్నాయి. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటిది చూడలేదు. లోపలి నుంచి వాసన కూడా వేరేగా వచ్చింది. మెషిన్‌లో వేసే సబ్బు వాసన కాదు. తడి బూడిద, నానిన కొబ్బరిపీచు.

"బూడిదేమన్న ఏసిండ్రా అక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ముఖం తెల్లబోయింది.

ప్లగ్ పీకేసి తలుపు మూశాను. స్క్రూడ్రైవర్ అందుకోబోతుంటే వినిపించింది.

గర్ర్... గర్ర్... గర్ర్...

స్టీలు గిన్నెను పీచుతో తోముతున్న చప్పుడు. మూసిన మెషిన్ లోపలి నుంచి. మధ్య మధ్యలో గిన్నెకు గాజులు తగులుతున్న చప్పుడు... ప్లగ్ నా చేతిలోనే ఉంది.

నేను గబుక్కున తలుపు లాగాను. చప్పుడు ఆగింది. లోపల ఏమీ లేదు. అడుగున జాలీ కింద కాసిని నీళ్లు, అంతే. ఏదో ఇరుక్కుని ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, జాలీ తీసి చెయ్యి పెట్టాను.

నా వేళ్లను వేళ్లు పట్టుకున్నాయి.

లాగలేదు. గిచ్చలేదు. చలిలో వణికే మనిషి వెచ్చదనం కోసం పట్టుకున్నట్టు... గట్టిగా. చర్మం పగిలి గరుకుగా ఉన్నాయి. చెయ్యి విదిలించుకుని వెనక్కి పడ్డాను.

"అక్కా... ముందుగాల ఈ ఇంట్ల బోళ్లు ఎవరు తోమేటోళ్లు?"

ఆమె గోడకు ఆనుకుంది.

"గంగమణి. తొమ్మిదేండ్లు చేసింది. పోయినేడాది గిట్లనే చలి... చేతులు కొంకర్లు పోతున్నయక్కా, జర వేడినీళ్లియ్యి అన్నది. గ్యాస్ ఒడుస్తదని ఇయ్యలే. జ్వరమొచ్చి రెండొద్దులు రాలే. ఇంట్ల సుట్టాలున్నరని మూడోనాడు నేనే పిలిపిచ్చిన. గీ మెషిన్ ఉన్న జాగలనే కూసోని తోమింది. ఆ వారంలనే..."

గర్ర్... గర్ర్...

ఈసారి తలుపు తెరిచే ఉంది.

"నీళ్లు కాగబెట్టు," అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. "నీ చేతుల్తోనే లోపల పొయ్యక్కా."

ఆమె గ్యాస్ ముట్టించింది. నీళ్లు మరిగాక గిన్నె పట్టుకుని మెషిన్ ముందు కూలబడింది. కొద్దికొద్దిగా లోపల పోసింది.

"తీస్కో గంగమణీ," అని గొణిగింది. "తీస్కో బిడ్డా... తప్పయింది."

లోపల ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలినట్టయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. బూడిద వాసన తేలిపోయింది.

మెషిన్ నడిపించాను. పావుగంటకు యాభై రెండు డిగ్రీలు. తెరిస్తే ఆవిరి ముఖాన కొట్టింది. నేను సామాను సర్దుకుని, చాయ్ తాగమంటున్నా ఆగకుండా బండి తీశాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఉమారాణి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మెషిన్ మంచిగ నడుస్తున్నది తమ్మీ. నీళ్లు కాలుతున్నయి."

"మరేందక్కా?"

"ఇంట్ల మేమిద్దరమే. రాత్రి మెషిన్ల రెండు పళ్లాలు పెడుతున్న. తెల్లారి తీస్తే... మూడుంటున్నయి."

నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించాను.

"ఆ మూడోది మాది కాదు. కడిగినట్టు కూడ లేదు. దాంట్ల సగం తిన్న అన్నం ఉన్నది తమ్మీ..." ఆమె ఊపిరి ఫోన్‌లో వినబడుతోంది. "ఇంకా పొగలు గక్కుతున్నది."