నాలుగు కొక్కేలు

వెనక లైట్లు మళ్ళీ కనబడ్డాయి!

సైడ్ మిర్రర్‌లో రెండు తెల్లటి చుక్కలు. దుమ్ములో మాయమవుతున్నాయి, మలుపు తిరగ్గానే మళ్ళీ వెలుగుతున్నాయి.

"ఇంకా వస్తూనే ఉన్నాడు," అంటుంది వెర్లీన్.

"చూశాను," అంటాడు ర్యాండల్. పికప్ ట్రక్కు గేరు మార్చి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు.

చీకటి పడి గంట కూడా కాలేదు. నెవాడా కొండల్లో కంకర రోడ్డు. అటూ ఇటూ సేజ్ పొదలు తప్ప మనిషి జాడ లేదు. ట్రక్కు వెనక తొట్టిలో కొత్త క్యాంపర్, రాత్రిళ్ళు పడుకునే పెట్టెగది, కిర్రుమంటోంది. నిన్నటిదాకా షోరూమ్‌లో ఉన్న సరుకు... ఇవాళే మొదటి ప్రయాణం.

వెనకవాడు లైట్లు ఆర్పుతాడు. వెలిగిస్తాడు. మళ్ళీ ఆర్పుతాడు.

"ఆగమంటున్నాడేమో ర్యాండీ."

"ఆగితే గొంతు కోస్తాడు. పెట్రోల్ బంకులో ఇద్దరు వెధవలు మన క్యాంపర్ చుట్టూ తిరిగారు, నువ్వు చూడలేదా?"

ఆమె చూడలేదు. కాఫీ కొనడానికి లోపలికెళ్ళింది.

"పోలీసులకి ఫోన్ చెయ్."

"ఇక్కడ సిగ్నలెక్కడిది?"

"నా ఫోన్‌కి ఉంటుందేమో."

"నీది వెనక క్యాంపర్లో చార్జింగ్‌కి పెట్టాను."

ఎప్పుడు పెట్టాడు? అడగబోయి ఊరుకుంటుంది. ఈ మధ్య అడగడం మానేసింది. అడిగినప్పుడల్లా షానా పేరు మధ్యలోకొచ్చేది. పోయిన చలికాలం ఆ షానా సంగతి బయటపడ్డాక ర్యాండల్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎన్నేళ్ళుగానో ఆమె కలలు కన్న క్యాంపర్ కొన్నాడు. కొత్తగా మొదలెడదాం అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే మిగిలే బతుకు ఆమెకి భయం.

పైకప్పు లేపితే గుడ్డ గోడలతో గదయ్యే క్యాంపర్ అది. సామానంతా ర్యాండలే సర్దాడు. ఆమె బ్యాగు కూడా తీసుకెళ్ళి తనే పెట్టాడు. "ఇప్పుడు లోపలికి చూడకు. రాత్రి కప్పు లేపాక చూద్దువుగాని, సర్‌ప్రైజ్," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు సామాను సర్దితే ఏ ఆడది వద్దంటుంది?

కీచుమని మలుపు! చక్రం కింద కంకర జారుతుంది. ఆమె డాష్‌బోర్డు పట్టుకుంటుంది.

"పిస్టల్ ఉందా?"

"డాష్‌లో ఉంది. నింపే ఉంది. మీ ఇంటి మడీ తడీ నాకు లేవుగా," అంటాడు.

వెర్లీన్ నాన్నకి ఒకటే పట్టుదల. నింపిన తుపాకీ బండెక్కకూడదు. జింకల వేటకి వెళ్ళినా దిగాకే తూటాలు. నాన్న పోయినా తమ్ముడు గార్త్ ఆ మాట దాటడు. అతని బండిలో సీటు వెనక రైఫిల్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ర్యాండల్‌కి అదొక నవ్వులాట.

లైట్లు దగ్గరయ్యాయి. ఇంకా దగ్గరయ్యాయి!

ముందు నిట్టనిలువుగా పైకెక్కే దారి. ఆ ఎత్తుకి వెనక లైట్లు కాస్త వెనకబడ్డాయి. ఒకవైపు బండ, ఒకవైపు లోయ. ర్యాండల్ మలుపు దాటి సడన్‌గా బ్రేకు వేస్తాడు.

"దిగు. కొక్కేలు విప్పు."

"ఏంటి?"

"నాలుగూ విప్పెయ్. వాడు వెనకే ఎక్కుతాడు. ఒక్క ఊపు ఊపానంటే క్యాంపర్ జారి వాడి నెత్తిన పడుతుంది."

"కొత్త క్యాంపర్ ర్యాండీ..."

"ప్రాణం కావాలా, క్యాంపర్ కావాలా? త్వరగా!"

ఆమె దిగుతుంది.

క్యాంపర్‌ని ట్రక్కుకి పట్టి ఉంచేవి నాలుగు బిగింపు కొక్కేలు. మొదటిరోజు కంకర రోడ్డు కుదుపులకి అవి వదులవుతాయి, కాసేపు నడిపాక ఆగి మళ్ళీ బిగించాలి. ఇది క్యాంపర్ అమ్మేవాళ్ళు చెప్పే మొదటి పాఠం. ర్యాండల్‌కి వినే ఓపిక లేదు. అందుకే క్యాంపర్ బిగించిన గార్త్, అక్కకి నేర్పాడు. "నాలుగూ చూడాలక్కా. మూడు చూసి పోనీలే అనుకోకు. కింద రబ్బరు పట్టా వెయ్యమంటే బావ వినలేదు, అది లేకపోతే ఈ పెట్టె సబ్బుముక్కలా జారుతుంది."

ఒకటి. రెండు. ట్రక్కు నుంచి క్యాంపర్‌కి వెళ్ళే కరెంటు వైరు పీకేస్తుంది. మూడు.

నాలుగోది బిగుసుకుపోయింది. వేలు చిట్లింది... ఊడింది!

"ఎక్కు!"

తలుపు మూయకముందే ట్రక్కు కదిలింది. వెనక ఇంజను మోత. మిర్రర్ నిండా తెల్లటి వెలుగు. హారన్ ఆగకుండా మోగుతోంది.

ర్యాండల్ బ్రేకు కొట్టి, వదిలి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాడు.

ట్రక్కు ముందుకి దూకింది. క్యాంపర్ దూకలేదు.

ఫెళ్ళుమంది!

అద్దాలు పగిలిన చప్పుడు. రేకు నలిగిన చప్పుడు. హారన్ ఆగిపోయింది.

ర్యాండల్ ట్రక్కు ఆపి, స్టీరింగ్ మీద చేతులుంచి, ఊపిరి వదిలాడు.

"కూర్చో. నేను చూసొస్తా."

"బతికున్నాడేమో," అంటూ ఆమె టార్చి తీసుకుని అప్పటికే దిగింది. పిలుస్తున్నా ఆగలేదు.

క్యాంపర్ పక్కకి ఒరిగి పడి ఉంది. గొళ్ళాలు విరిగి కప్పు దానంతటదే లేచింది. గుడ్డ గోడ చిరిగి వేలాడుతోంది. వెర్లీన్ టార్చి లోపలికి కొట్టింది. ఈ లోపలే కదా సర్‌ప్రైజ్.

ఒక దిండు. ఒక దుప్పటి. ఒక మడతకుర్చీ. ఒక కాఫీ కప్పు.

ఒక కొత్త పార. షాపువాళ్ళ చీటీ ఇంకా దానికే ఉంది.

తన బ్యాగు లేదు. తన దిండు లేదు. చార్జింగ్‌కి పెట్టిన ఫోన్ లేదు.

ఎక్కడో పడి ఉంటాయి అనుకుంది. అనుకోవాలని చూసింది.

క్యాంపర్ వెనక నలిగిన బండి మీద వెలుతురు పడింది. నీలిరంగు. డోరు మీద పాత సొట్ట... ఆ సొట్ట పెట్టింది తనే, పదహారేళ్ళప్పుడు, నాన్న బండి నేర్పుతుంటే.

"గార్త్!"

స్టీరింగ్ అతని ఛాతీలోకి దిగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అక్కా... ఫోనెత్తవేం?"

"మాట్లాడకు. మాట్లాడకు నాన్నా."

"కుక్కకి అన్నం పెడదామని మీ ఇంటికెళ్ళా... నీ బ్యాగు చెత్తడబ్బాలో ఉంది. మందులూ అందులోనే..." నోట్లోంచి రక్తం. "నిన్ను తిరిగి తీసుకురాడని... అర్థమైంది."

పక్క సీట్లో ఆమె బ్యాగు. సీటు బెల్టు పెట్టి మరీ తెచ్చాడు. జిప్పులోంచి ఆమె బీపీ మాత్రల డబ్బా కనబడుతోంది.

ఆమె అతని చెంప పట్టుకుంది. తల ఆమె చేతిలోనే వాలి బరువెక్కింది.

పైనుంచి కంకర మీద అడుగులు. నింపాదిగా వస్తున్నాయి.

వెర్లీన్ సీటు వెనక చెయ్యిపెట్టి రైఫిల్ లాగింది.

ర్యాండల్ పిస్టల్ కిందకి వేలాడేసి, కాస్త దూరంలో ఆగాడు. గార్త్ వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయినట్టు నటించనూ లేదు.

"నీకు తెలుసు," అంది ఆమె.

"రెండో మలుపు దగ్గరే తెలిసింది. ఆ డొక్కు బండిని ఎవడు గుర్తుపట్టడు?"

"నా చేత విప్పించావు."

"నేను దిగితే బండి ఎవరు నడుపుతారు?" అన్నాడు, పెరుగన్నం తిన్నంత తేలిగ్గా. "ఇల్లు మీ నాన్నది. విడాకులిస్తే నేను రోడ్డున పడతాను. షానా రోడ్డున పడ్డవాణ్ణి చేసుకోదు. ఇందులో కోపం ఏం లేదు వెర్లీన్."

ఆమె రైఫిల్ ఎత్తింది.

ర్యాండల్ నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది అతనికి.

"దించు. అది ఖాళీది. వాడు మీ నాన్న కొడుకు."

ఆమెకీ తెలుసు. చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా దించలేదు. దించితే గార్త్ వైపు చూడాలి.

ర్యాండల్ తొందరపడకుండా పిస్టల్ పైకెత్తాడు.

ఆమె ట్రిగ్గర్ నొక్కింది.

ఢాం!

లోయ అంతా మోగింది. నవ్వు మొహం మీద ఉండగానే ర్యాండల్ వెనక్కి పడ్డాడు. లేవలేదు.

వెర్లీన్ చేతిలో తుపాకీ వంక చూసింది. తర్వాత తమ్ముడి వంక.

బయల్దేరే ముందు నింపుకున్నాడు. పుట్టాక మొదటిసారి నాన్న మాట దాటాడు, అక్క కోసం.

ఆ అక్క నాలుగు కొక్కేలూ విప్పింది. వాడు నేర్పినట్టే, ఒక్కటి కూడా మర్చిపోకుండా.