పెదవి దాటని పేరు

తెల్లారేసరికి టీ నీళ్లు కాగే సమోవార్‌లో బొగ్గులు చిటపటలాడుతున్నాయి. పెరట్లో మట్టిపొయ్యిలోంచి అత్తగారు జూరా వేడివేడి రొట్టెలు తీస్తోంది. ఆ కమ్మటి వాసనకి వీధి చివరి కుక్క కూడా వచ్చి గుమ్మం ముందు బుద్ధిగా కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆ వాసన తగిలితే చాలు, ఐసల్కిన్ చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి పరిగెత్తేది. రొట్టె తుంచి మీగడలో ముంచబోయి, వేళ్లు కాలి "ఉఫ్ ఉఫ్" అంటుంటే భర్త మక్సత్ పడీపడీ నవ్వేవాడు. ఇవాళా అదే రొట్టె, అదే మీగడ. నమిలింది, మింగింది. అంతే.

"పాలు తాగిందా మన చిన్నది?" అడిగింది జూరా.

"తాగింది అత్తయ్యా, ఇది."

చిన్నది, ఇది, మనది. నలభై రోజులుగా ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరూ పాపని అలాగే అంటున్నారు. పేరు లేక కాదు. పుట్టిన మూడో రోజునే మామగారు సగింబాయ్ పాప చెవిలో ముమ్మారు చెప్పి పెట్టాడు: సుక్సూర్. సన్నని మెడ ఉన్న అడవిబాతు పేరది. ఎప్పుడో కాలం చేసిన తన తల్లి పేరు కూడా.

అత్తింటి పెద్దల పేర్లు కోడలు నోట రాకూడదు. ముప్పై ఆరేళ్లుగా జూరా ఆ పేరు పలకలేదు. చెరువులో ఆ బాతు కనిపించినా "అదుగో ఈతగత్తె" అంటుంది. ఐసల్కిన్‌కీ అదే కట్టుబాటు. పేరు పెట్టిన సంబరంలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. బంగారు గనిలో పదిహేను రోజుల డ్యూటీలో ఉన్న మక్సత్ కూడా ఫోన్లో "ఎంత బాగుంది నాన్నా!" అని మురిసిపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం పాపకి నలభయ్యో రోజు స్నానం. ఈలోగా బరువు చూపించుకు రమ్మని కోడల్ని ఆసుపత్రికి పంపింది జూరా.

"ఇదేం పేరమ్మా!" నర్సు కలం ఆపింది. "ఈ నెల నా దగ్గరికి పదకొండు మంది ఐలిన్‌లు, తొమ్మిది మంది ఆమీనాలు వచ్చారు. ఈ పేరు మాత్రం ఇదే మొదలు. ఎలా రాయను? దీర్ఘం ఉందా, లేదా? ఏదీ, ఒక్కసారి పలుకు."

ఐసల్కిన్ పలకలేదు. జనన పత్రం ముందుకు తోసి, వెళ్లి బల్ల మీద కూర్చుంది.

కాసేపటికి లోపలి నుంచి కేక వినిపించింది. "సుక్సూర్! సుక్సూర్ తల్లి ఎవరూ?"

వినబడింది. మళ్లీ పిలిచారు. అదీ వినబడింది. మూడోసారి పిలిచి, వేరే పేరుకి వెళ్లిపోయారు. కిటికీ అవతల పిచ్చుకలు రొట్టె ముక్క కోసం కొట్లాడుకుంటుంటే ఐసల్కిన్ వాటినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి ఇంటికి వచ్చేసింది.

"బరువెంత ఉంది?" గుమ్మంలోనే ఎదురొచ్చాడు సగింబాయ్.

"చూడలేదు మామయ్యా. పేరులో దీర్ఘం ఉందా, పలుకు అంది నర్సు. పలకలేదు. పిలిచారు. నేను లేవలేదు."

"పిలిస్తే లేవకపోవడమేంటి? చెవుడా?"

"ఎవరో ముసలావిణ్ణి పిలుస్తున్నట్టు అనిపించింది."

సగింబాయ్ మొహం ఎర్రబడింది. "ఆ ముసలావిడ మా అమ్మ! పేర్లు రాసే ఆఫీసులో ఏం చెప్పారో తెలుసా? దేశం మొత్తం మీద ఆ పేరుగలవాళ్లు నలుగురేనట. అందరూ డెబ్భై దాటినవాళ్లే. రేపు వాళ్లూ పోతే ఆ పేరు ఎవరు పిలుస్తారు?"

"ఎవరు పిలుస్తారు మామయ్యా?"

ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. అందుకే ఆయన తడబడ్డాడు.

"మీరు పొద్దున్నే గుర్రాల దగ్గరికి పోతారు. మీ అబ్బాయి గనిలో ఉంటారు. ఇంట్లో ఉండేది మేమిద్దరం. నలభై రోజుల్లో నా బిడ్డని నేనొక్కసారీ పేరుతో పిలవలేదు. ఎవరి బిడ్డకో పాలిస్తున్నట్టుంది నాకు."

సగింబాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, లోపల పరిచిన కంబళి మీద కూలబడ్డాడు.

అంతా వింటున్న జూరా లోపలికి వచ్చింది. గోరువెచ్చని నీళ్ల బేసిన్లో ఆచారం ప్రకారం వెండి ఉంగరం వేసి, పాపని కోడలి చేతుల మీద పడుకోబెట్టింది. చెక్క గరిటెతో ఒంటి మీద నలభై గరిటెల నీళ్లు పోస్తూ లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు... పాప కాళ్లు టపటపా ఆడించి తాత మొహం మీద నీళ్లు చిమ్మింది. ఆయన తుడుచుకోలేదు.

ముప్పై తొమ్మిది దగ్గర జూరా చెయ్యి ఆగింది.

"ముసలాడా," అంది భర్తని చూడకుండానే. "మీ అమ్మ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఏమందో నీకెప్పుడూ చెప్పలేదు. 'అందరూ అమ్మా, అత్తా, అవ్వా అనేవాళ్లే. పేరు పెట్టి పిలిచేవాళ్లంతా పోయారు. నా పేరు నాకే మరుపొచ్చేలా ఉంది. నువ్వొక్కసారి పిలవ్వే పిల్లా' అంది. నేను సిగ్గుతో తలొంచుకున్నాను. తెల్లారేసరికి ఆవిడ లేదు."

నలభయ్యో గరిటె నింపింది.

"సుక్సూర్," అంది జూరా. నీళ్లు పాప బొజ్జ మీదుగా జారిపోయాయి. "ఇదిగో అత్తా, పిలిచాను."

భార్య నోట తల్లి పేరు విని సగింబాయ్ టోపీలో మొహం దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కాసేపటికి ఆ టోపీ లోంచే గొంతు వచ్చింది. "నువ్వూ పిలువు తల్లీ. బుద్ధి లేనిది నాకు. మా అమ్మ ఏమీ అనుకోదు."

ఐసల్కిన్ పెదవులు కదిలాయి. మొదటిసారి మాట రాలేదు. రెండోసారి గాలే వచ్చింది.

"సుక్సూర్."

పాప ఆడించే కాళ్లు ఆపి, తల్లి మొహం కేసి చూసింది. ఐసల్కిన్‌కి పాలు చిప్పిల్లి రవిక తడిసింది. దాని వెనకే కన్నీళ్లు.

"సుక్సూర్! నా సుక్సూర్!"

"అలా అను!" జూరా ముక్కు చీదుతూ తువ్వాలు అందించింది. "రేపు ఆ నర్సుకి కూడా దీర్ఘం తీసి మరీ వినిపించు."

ఐసల్కిన్ పాపని తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకుంది. కళ్లు తుడుచుకుంటూ అడిగింది:

"అత్తయ్యా, పొద్దుటి రొట్టె ఇంకా మిగిలిందా? ఆకలేస్తోంది."