హార్వీకి దక్కిన చోటు

ఎల్డెన్ కాలేజీ కుర్రాళ్ళకు పొగరెక్కువే. అయినా పొద్దు వాలాక, మైదానంలో ఐసుగడ్డలు దాచే ఐసుకొట్టు వైపున్న గోల్‌పోస్టు దగ్గరికి మాత్రం ఒక్కడూ అడుగు వేసేవాడు కాదు. 1905 అక్టోబరులో కాలేజీ జట్టు ఆటగాడు లెస్టర్ కూలింది అక్కడే. బంతిని చంకన పెట్టుకుని గుంపును చీల్చుకుపోయే ఆట. తలకు తోలుటోపీ పెట్టుకుంటే పిరికిగొడ్డని వెక్కిరించే రోజులు. లెస్టర్ ఆ రాత్రే పోయాడు. అప్పట్నుంచీ చీకట్లో అక్కడ ఎవరో తిరుగుతున్నారని గుసగుసలు...

లెస్టర్ చోటు హార్వీకి దక్కింది. రెండేళ్ళు అదనపు ఆటగాడిగా బల్ల మీద కూర్చుని కాచుకున్న చోటు. ఆ ఏడు జట్టు ఒక్క ఆటా ఓడలేదు. శనివారం మార్లో కాలేజీతో ఆడాల్సింది ఆఖరిది.

కానీ కిందటి ఆటలో ఎవడిదో మోకాలు హార్వీ కణతకు తగిలింది. అప్పట్నుంచీ తలలో సమ్మెటపోట్లు. చెబితే చోటు పోతుందని నోరు మెదపలేదు. ప్రాణం కన్నా చోటు ఎక్కువా అంటే, ఇరవయ్యేళ్ళ వయసులో ఎక్కువే మరి.

గురువారం సాధన చీకటి పడేదాకా సాగింది. మసకలో కనబడాలని బంతికి సున్నం పూసేవారు. చివర్లో అది హార్వీ చేతిలోంచి జారి, ఐసుకొట్టు వైపు దొర్లిపోయింది.

“పోగొట్టినవాడే తేవాలి,” అన్నాడు కెప్టెన్ ఎమ్మెట్. ఆ జట్టులో అది కట్టుబాటు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళిపోయారు.

హార్వీ ఒక్కడే గడ్డిలో తడుముతూ వెతికాడు. బంతి లేదు. అవతల కోత అయిపోయిన మొక్కజొన్న చేలు... చుట్టూ చడీచప్పుడూ లేదు.

అంతలో— తెల్లగా ఏదో ఎగిరొచ్చి రొమ్ముకు తగిలింది. చేతులు వాటంతటవే పట్టేశాయి. బంతి.

“ఎవడ్రా అది? ఎమ్మెట్, వేళాకోళమా?”

చెవి పక్కనే ఒక గొంతు—

“తల పోటుగా ఉందా?”

ఆ సంగతి హార్వీ ఎవరికీ చెప్పలేదు.

“నాకూ కూలడానికి ముందు వారం అలాగే ఉండేది. దాచుకున్నాను... నువ్వు చెప్పెయ్యరా.”

“శనివారం ఒక్కటీ ఆడనీ, లెస్టర్,” అన్నాడు హార్వీ. “సోమవారం చెప్తా. ఒట్టు.”

హార్వీ వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

శనివారం ఊరంతా మైదానంలోనే ఉంది. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, హార్వీ బంతితో గుంపులోకి దూరాడు. ఎనిమిది మంది మీద పడ్డారు.

హార్వీ లేచాడు. తలలో పోటు లేదు! వారం రోజుల్లో మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది. నవ్వుకుంటూ తన చోటుకు పరుగెత్తాడు.

అక్కడ బల్ల మీది కుర్రాడొకడు అప్పటికే నిలబడి ఉన్నాడు.

“నా చోట్లోంచి తప్పుకోరా,” అన్నాడు హార్వీ. వాడు తల తిప్పలేదు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎమ్మెట్ నేలమీద మోకరిల్లి ఉన్నాడు. జనంలో మగవాళ్ళంతా టోపీలు తీసేశారు.

నలుగురు ఎవరినో దుప్పటి కప్పి మోసుకుపోతున్నారు. బయటికి కనబడుతున్న బూట్లు— హార్వీవే.

వెనకనుంచి భుజం మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

“రారా,” అన్నాడు లెస్టర్ మెల్లగా. “బయటికెళ్ళినవాణ్ణి ఆ ఆటలోకి మళ్ళీ రానివ్వరు... రూలు నీకూ తెలుసుగా.”