ఆరు నిమిషాల సీలు

పాకాల జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం మీద, పొద్దున తొమ్మిదీ పదికి, గూడ్సు బండి అదురుతూ పోతున్న సమయంలో బాలచంద్రను కాల్చేశారు. బండి హోరులో తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడలేదు. కునుకు తీస్తున్నాడనుకొని, పక్కనున్న ముసలామె జారిపోతున్న ఆయన చేతిని ఎత్తి ఒళ్లో పెట్టింది కూడా.

బాలచంద్ర ఇరవై రెండేళ్లు పేరూ ఊరూ లేకుండా దేశం కోసం పనిచేసిన ఏజెంట్. మునిచంద్రకు ఈ పని నేర్పినవాడు ఆయనే.

మూడో రోజు చిత్తూరు బస్టాండులో మునిచంద్ర పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు.

"తిరుత్తణి బస్సు ఈడికే వస్తాదా అప్పా?"

"వస్తాది. నగరిలో దిగి మారాల."

కోడ్ సరిపోయింది. ఆయన స్పెషల్ సెల్ చీఫ్ ఏకాంబరం. చేతిలోని పేపరు చదువుతున్నట్టే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. బాలచంద్రను శత్రువుకు పట్టిచ్చింది సెల్‌లోనే పనిచేసిన పవిత్ర. రెండేళ్లుగా ఆమె డబుల్ ఏజెంట్. ఆమెను నడిపే విదేశీ ముఠా నాయకుడు కార్ల్. అతని ముఖం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆదివారం వడమాలపేట దగ్గర మైదానంలో మోడల్ విమానాల ప్రదర్శన ఉంది. ముఖ్య అతిథి ఒక రాడార్ సైంటిస్టు. ఎగిరే ఇరవై బొమ్మ విమానాల్లో ఒకదాని కడుపులో పేలుడు సరుకు ఉంటుంది. దాన్ని రిమోట్‌తో నడిపేది పవిత్ర. చూడడానికి కార్ల్ స్వయంగా వస్తాడు. సంగతి తెలిసి కూడా సైంటిస్టు వస్తానన్నాడు. ఆయన రాకపోతే కార్ల్ రాడు.

ముఠా మెకానిక్‌ను నిన్ననే గుట్టుగా అరెస్టు చేశారు. పవిత్ర విమానం ఇంజన్‌కు పొగ బయటికి పంపే మఫ్లర్ లీకవుతోందని అతని ఫోన్‌లో దొరికింది. ఆమెకిప్పుడు వేరే మెకానిక్ కావాలి. విమానాలు ఎగరేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరుపతి కొర్లగుంట అడ్రసుతో ఒక మెకానిక్ పేరు సెల్ మనుషులు ఇప్పటికే పెట్టేశారు. ఆ మెకానిక్ వేషం మునిచంద్రది.

"విమానం లేయాల, అప్పుడే కార్ల్ ఎవరో బయటపడేది. స్టేజీ దాకా పోకూడదు," అన్నాడు ఏకాంబరం. "ఇద్దరూ ప్రాణాలతో దొరకాల."

"ఆమె కూడానా సార్?"

"ఆమె కూడా."



శనివారం మధ్యాహ్నం పవిత్ర కొర్లగుంట షెడ్డులోకి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, గంధం రంగు పట్టుచీర, చేతిలో మేకప్ పెట్టె. అందులో, మెత్తని గుడ్డలో చుట్టిన ఇంజన్. ఎదురుగా కూర్చున్నది చిన్నబ్బ అనే ముసలి మెకానిక్ అని ఆమె నమ్మకం. నెరిసిన విగ్గు, సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు, చెవికి మిషను. ఆ మిషను అసలు ఏకాంబరంతో మాట్లాడే రేడియో.

రేపు పదకొండింటికి ఎగరాలని, పది నిమిషాలు ఆగకుండా తిరగాలని గట్టిగా అరిచి చెప్పింది.

మునిచంద్ర మఫ్లర్ ఊడదీశాడు. ఇంజన్‌కూ దానికీ మధ్య అతుకు దగ్గర మాడిన నూనె నల్లగా కారి ఉంది. అక్కడ పొగ బయటికి పోతే ఇంధనం ట్యాంకుకు వెళ్లే ప్రెషర్ తగ్గిపోతుంది. ఇంజన్‌కు ఇంధనం అందక గాలిలోనే ఆగిపోతుంది. ఆ అతుకుకు సీలు వేయడం కష్టం కాదు. అతుకు రెండు వైపులనూ స్పిరిట్‌తో జిడ్డు లేకుండా తుడవాలి, వేడికి తట్టుకునే సిలికాన్ పలచగా పూయాలి, స్క్రూలు సమానంగా బిగించి రాత్రంతా ఆరనివ్వాలి. అతను అన్నీ ఆమె కళ్లముందే చేశాడు, ఒక్కటి తప్ప. ఆమె లేచి అతని వెనక్కి నడిచినప్పుడు, తుడిచిన మఫ్లర్ లోపలి అంచున బొటనవేలితో కాస్త ఆముదం రాశాడు. జిడ్డు మీద సిలికాన్ పట్టదు. ఇంజన్ కాగి ఆరు నిమిషాలకు అతుకు ఊడాలి. ఆ లెక్క కోసం ముందురోజు పదకొండు అతుకులు వేసి ఆరబెట్టి, పొద్దున్నే ఒక్కొక్కటీ పరీక్ష చేశాడు.

ఆముదం రాస్తున్న క్షణంలో వెనకనుంచి ఆమె గొంతు మెల్లగా వినబడింది.

"బాలచంద్ర."

పరీక్ష. చెవిటివాడు తిరగకూడదు. మునిచంద్ర తిరగలేదు. రెండో చేతిలోని స్క్రూడ్రైవర్ కదలలేదు. బొటనవేలు మాత్రం ఒక్కసారి వణికింది.

ఆదివారం పదకొండూ రెండుకు పవిత్ర తెల్ల విమానం లేచింది. గుంపు చప్పట్లు కొట్టింది. అది గిరికీలు కొడుతుంటే మైదానం చివర ఒక కారు రెండుసార్లు లైట్లు వెలిగించింది. దాడి చేయమని సైగ. కార్ల్ ఎవరో తేలిపోయింది. సెల్ మనుషులు ఆ వైపు నడిచారు.

ఐదు నిమిషాలు. ఆరు. ఇంజన్ మోత మారలేదు.

చిన్నబ్బ వేషంలోనే గుంపులో ఉన్న మునిచంద్ర వాచీ చూసుకున్నాడు. వేలు వణికినప్పుడు ఆముదం సగమే అంటిందా? ఏడో నిమిషం. విమానం ముక్కు స్టేజీ వైపు తిరిగింది. అతను పవిత్ర దగ్గరికి పరుగెత్తాడు. ఆమెను కాల్చినా ఇప్పుడు లాభం లేదు. విమానం దారి పట్టేసింది.

అప్పుడు తెల్లటి పొట్ట మీద నల్లగా నూనె చార పడింది. ఇంజన్ గొంతు సన్నబడి, కీచుమని అరిచి, ఆగిపోయింది.

పవిత్ర రిమోట్ స్టిక్ వెనక్కి లాగింది. లేవలేదు. విమానం స్టేజీకి నలభై గజాల ఇవతల, కంచె అవతలి గుంతలో కూలి పేలింది. దుమ్ము లేచింది, బ్యానర్ చిరిగింది. ఎవరికీ గాయం కాలేదు. కార్ల్ కారు గేటు దాటకముందే సెల్ మనుషులు అతన్ని పట్టుకున్నారు.

మునిచంద్ర పిస్టలు ఆమె మెడకు ఆనింది. అతను విగ్గు తీసి పారేశాడు.

"నాకు చెవుడు లేదు. నిన్న నువ్వు చెప్పిన పేరు ఇనబడింది. పని నేర్పిన గురువు ఆయన నాకు."

ఆమె చేతిలోని రిమోట్ కింద పడింది. అతని వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. చెవిలో ఏకాంబరం మెల్లగా పేరు పెట్టి పిలిచాడు, అంతే. ఆజ్ఞ ఇవ్వలేదు.

మునిచంద్ర పిస్టలు దించి, ఆమె చేతులకు బేడీలు వేసి, ఎముకకు తగిలేదాకా బిగించాడు.

"కాలిస్తే ఒక్క క్షణంలో తప్పించుకుంటావు. కూర్చోని, ఆయన్ని ఎట్ల అమ్మినావో మొదటినుంచీ చెప్పాల నువ్వు. రోజూ. ఎదురుగా కూర్చోని రాసుకునేది నేనే."

జీపు ఎక్కబోతూ పవిత్ర ఆగి, పళ్లు బిగబట్టి, సీలు సరిగా వేయలేదని అంది.

"గ్యారంటీ ఇయ్యలేదు గదా మేడమ్," అన్నాడు మునిచంద్ర.