బొటనవేలి కింద బిగిసిన కండ

"చెయ్యి ముట్టుకుంటే కాలుస్తా," అంది నీలికోటు.

ఆమె పిస్టల్ మెట్ల కిందే పడిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెండు దేశాల చేతా "మా మనిషి" అనిపించుకున్న డబుల్ ఏజెంట్ ఆమె. ఇవాళ విదేశీ ముఠాయే ఆమెను మెట్ల మీంచి తోసేసింది. కుడి భుజం జారింది. ఖరీదైన నీలం కోటు కింద భుజం గుండ్రదనం పోయి పలకలా తేలింది.

ఏజెంట్ డేగ ఆమెను మూతపడిన లాండ్రీలోకి మోసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇస్త్రీపెట్టెలో దాచిన వైర్‌లెస్ మీట నొక్కి, "పార్సిల్ దొరికింది," అని మాత్రం చెప్పి వదిలేశాడు. మీట నొక్కితేనే ఇక్కడి మాట అవతల చీఫ్‌కీ, డ్రైవర్‌కీ వినిపిస్తుంది.

మన వైపు వచ్చేస్తున్న సైంటిస్టు కారు అప్పటికే బ్రిడ్జి దారి పట్టింది. ఆ దారి తెలిసింది ముగ్గురికే: డేగకి, డ్రైవర్‌కి, చీఫ్‌కి. చీఫ్ అంటే డేగ మేనమామ, తల్లి పోయాక అతన్ని పెంచినవాడు. ఎవరో ఆ దారిని ముఠాకు అమ్మేశారు. డ్రైవరే అమ్మి ఉంటే, ఆగమంటే ఇంకా వేగంగా పోతాడు. అమ్మిందెవరో నీలికోటుకి తెలుసు.

"చెబితే నన్ను బతకనివ్వరు," అంది.

"చెప్పకు. భుజం ఎక్కిస్తాను. లాగను."

లాగితే కండ ఎదురు తిరుగుతుందని నేర్పింది మామయ్యే. డేగ ఆమె ఎదురుగా కూర్చుని, మోచేతిని పక్కటెముకలకు ఆనించి, అరచేతిని తన భుజం మీద పెట్టుకున్నాడు. నడుం నిటారుగా పెట్టి వీపు మీది రెక్క ఎముకలు వెనక్కి తీసుకోమన్నాడు. మెడ పక్కనుంచి భుజం దాకా, తర్వాత దండకండ, నెమ్మదిగా పిసుకుతూ కబుర్లలో పెట్టాడు.

డ్రైవర్ మాట ఎత్తాడు. కండ వెన్నలా ఉంది.

మామయ్య మాట ఎత్తాడు. బొటనవేలి కింద కండ తాడులా బిగిసింది.

డేగ చెయ్యి ఆగిపోయింది. నటిస్తోందేమో. ఆమె బతుకే నటన.

ఇస్త్రీపెట్టెలోంచి మామయ్య గొంతు, ఎప్పటిలాగే ఆప్యాయంగా: "భుజం జారినదాన్ని ఎంతసేపు విసిగిస్తావురా? వదిలేసి వచ్చెయ్."

భుజం సంగతి డేగ ఎవరికీ చెప్పలేదు. తోసినవాళ్ళు చెప్పి ఉండాలి.

డేగ మీట నొక్కాడు. "డ్రైవరన్నా, బ్రిడ్జి ఎక్కొద్దు. వెనక్కి తిప్పు."

బ్రేకుల కీచు. "తిప్పేశా. బ్రిడ్జి మధ్యలో లారీ అడ్డంగా పెట్టారన్నా. తుపాకులు కనిపిస్తున్నాయి."

నీలికోటు గట్టిగా ఊపిరి వదిలింది. డేగ వేళ్ళ కింద కండ కరిగింది. ఎముక చప్పుడు లేకుండా గూట్లోకి జారింది. ఆమె చెయ్యి కదిపి చూసుకుని, నమ్మలేనట్టు అతని వైపు చూసింది.

"ఆర్డరు ఎందుకు మార్చావు? ద్రోహి ఎవరో తేలిందా?" మామయ్య గొంతులో ఇప్పుడు ఆప్యాయత లేదు.

డేగ చేతిలో ఇస్త్రీపెట్టె బరువుగా ఉంది.

"నొప్పి లేకుండా ఎక్కించడం నేర్పారు. నొప్పి లేకుండా చెప్పడం నేర్పలేదు. మీరే, మామయ్యా."